పదిహేను ప్లేట్ల లెక్క

విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి మలుపు దగ్గర ఒక ఇడ్లీ బండి ఉంది. భార్యాభర్తలు నడుపుతారు, చేతిసాయానికి ఒక కుర్రాడు. లెక్క రాసేది ఆవిడ. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో చిన్న అప్పుల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనదాన్ని. ఎంత చిన్న కొట్టయినా దాని లెక్క చూడందే నాకు తోచదు. అడగ్గానే ఆవిడ మొహమాటపడకుండా పుస్తకం చేతికిచ్చింది.

2020 ఫిబ్రవరిలో ఒక మామూలు రోజు పద్దు ఇలా ఉంది. అమ్మకం 3,200. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, పల్లీలు, నూనె, కొబ్బరికాయలు, అల్లం, మిర్చి కలిపి 1,700. గ్యాసు 250. కుర్రాడి కూలి 400. విస్తరాకులు, కవర్లు 100. బండి నిలిపే చోటుకి 100. డైలీ ఫైనాన్స్ వాళ్లకి 200. అన్నీ పోగా మిగిలింది 450 రూపాయలు. తెల్లవారుజామున మూడింటికి లేచి, మధ్యాహ్నం గిన్నెలు తోముకుని, సాయంత్రం పిండి రుబ్బుకునే ఇద్దరు మనుషులకు ఆ రోజు దక్కింది అంతే. అయినా ఇల్లు గడిచింది. పిల్లవాడి కాలేజీ ఫీజు కూడా అందులోంచే వెళ్లింది.

అదే పుస్తకంలో కొన్ని పేజీలు తిప్పితే కరోనా మూలంగా పెట్టిన మార్చి 22 జనతా కర్ఫ్యూ దగ్గర రాత ఆగిపోయింది. మళ్లీ జూన్‌లో మొదలైంది. అప్పటి పద్దు చూడండి. అమ్మకం 1,600. సరుకు 850. గ్యాసు 150. కుర్రాడి కూలి 400. అందరూ పార్సిలే అడుగుతున్నారు కాబట్టి అమ్మకం సగమైనా కవర్లకు 80. చోటుకి 100. ఫైనాన్స్‌కి 200. మొత్తం ఖర్చు 1,780. అంటే రోజంతా కష్టపడి 180 రూపాయలు చేతి నుంచి పెట్టుకున్నారు.

అమ్మకం సగానికి పడితే మిగులు కూడా సగానికి పడుతుందిలే అని మనం అనుకుంటాం. చిన్న వ్యాపారంలో అలా జరగదు. సరుకు ఖర్చు తగ్గుతుంది గానీ మనిషి కూలి తగ్గదు, చోటు అద్దె తగ్గదు, అప్పు వాయిదా అసలే తగ్గదు. గ్యాసు కూడా అమ్మకం తగ్గినంతగా తగ్గదు. అందుకే ఇలాంటి బండి కొంచెం కుంటగానే లోటులోకి జారిపోతుంది. నిలవ సొమ్ము అనే మాటే ఉండదు. ఇవాళ్టి అమ్మకంతో రేపటి పప్పు కొంటారు. ఒక్క వారం వరసగా లోటు వస్తే ఎనిమిదో రోజు పప్పుకి డబ్బుండదు.

ఇక్కడే ఇంకో లెక్క కూడా వేసి చూశాను. అప్పట్లో ప్లేటు ఇడ్లీ 30 రూపాయలు. సరుకుకి 16, గ్యాసుకీ కవరుకీ ఇంకో 2 తీసేస్తే 12 మిగులుతుంది. 180 లోటు పూడాలంటే రోజుకి మరో 15 ప్లేట్లు అమ్మాలి. అంతే. మా వీధిలో మలుపు నుంచి రామాలయం దాకా నలభై ఇళ్ల పైచిలుకు ఉన్నాయి. అందులో ఏ పూటకాపూట పదిహేను ఇళ్లవాళ్లు ఒక్కో ప్లేటు తెప్పించుకుంటే ఆ బండి మునగదు. ఆపద కాలంలో చిన్న కొట్లను ఆదుకోవాలని అందరం అంటాం. ఆదుకోవడమంటే ఎంత అని అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఈ పదిహేను ప్లేట్లే.

డైలీ ఫైనాన్స్ అన్నాను కదా, దాని సంగతి చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. పదివేలకు కాగితం రాయించుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి పదిహేను శాతం వడ్డీలాగే ఉంటుంది. కానీ అసలు రోజురోజుకీ తరిగిపోతూ ఉంటుంది, వడ్డీ మాత్రం ముందే కోసేసుకున్నారు. లెక్క కడితే ఏడాదికి నూటికి నూరు రూపాయలు దాటిపోతుంది. మా ఇడ్లీ ఆవిడకి అలాంటివి రెండు ఉన్నాయి. బ్యాంకుకి రావచ్చుగా అని అడిగేవాళ్లకు ఒకటే మాట: సాయంత్రం ఆరింటికి గ్యాసు బండ అయిపోతే రాత్రి తొమ్మిదింటికల్లా ఇలాంటివాళ్ల చేతిలో డబ్బు తెచ్చి పెట్టే బ్యాంకును నేను చూడలేదు. ఆ సందులోనే వాళ్లు బతుకుతున్నారు.

2020 మార్చి 25 నుంచి దేశమంతా తాళం పడింది. హోటళ్లలో కూర్చుని తినడానికి మళ్లీ అనుమతి వచ్చింది జూన్ 8న, అదీ సగం కుర్చీలకే. మధ్యలో పదకొండు వారాలు. మా ఊళ్లో బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద బట్టలమ్మేవాళ్లు కనిపించలేదు. కృష్ణలంక రెడ్ జోన్ అయి బారికేడ్ల వెనక్కి వెళ్లిపోయింది. హైదరాబాదులో ఆ ఏడాది రంజాన్ మాసం హలీం బట్టీలు లేకుండానే గడిచింది. ఆ ఒక్క నెల అమ్మకాల మీద ఏడాదంతా లెక్క చూసుకునే వంటవాళ్లు, కసాయి కొట్లవాళ్లు, గోధుమలు దంచేవాళ్లు ఎందరో ఖాళీగా కూర్చున్నారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకి వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది వెళ్లింది. అందులో ఎక్కువమంది భవన నిర్మాణ కూలీలు. ఆ తర్వాతి రోజుల్లో ఒడిశా, బెంగాల్, బిహార్ వైపు వెళ్లినవాళ్లలో మన హోటళ్ల దోసె మాస్టర్లూ, గిన్నెలు కడిగే కుర్రాళ్లూ ఉన్నారు. జూన్‌లో తాళం తీసిన చాలా హోటళ్లలో పెనం ఉంది గానీ పెనం ముందు నిలబడే మనిషి లేడు.

జాతీయ రెస్టారెంట్ల సంఘం తన 2021 నివేదికలో చెప్పిన అంకెలు చూస్తే గుండె బరువెక్కుతుంది. 2019-20లో దాదాపు 4.23 లక్షల కోట్ల రూపాయలున్న వ్యాపారం మరుసటి ఏడాది 2 లక్షల కోట్లకు దిగిపోయింది. హోటళ్లలో నాలుగింట ఒక వంతు మళ్లీ తెరవకుండా మూతపడ్డాయి. 24 లక్షల మందికి పని పోయింది. మా వీధి మలుపు బండి లాంటివి ఈ లెక్కలోకి ఎన్ని ఎక్కి ఉంటాయి? చాలావాటికి బోర్డే ఉండదు. మూతపడ్డాయని చెప్పేవాడు కూడా ఉండడు.

కిరాణా కొట్టు బాధ ఇంకో రకం. నిత్యావసరం కాబట్టి దానికి తాళం పడలేదు. కొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీసి, గుమ్మానికి తాడు కట్టి, పొద్దున కొన్ని గంటలు అమ్మారు. బయటినుంచి చూస్తే వాళ్ల పని బాగుందనిపిస్తుంది. మా వీధి కొట్టాయన పద్దు పుస్తకం తెరిస్తే సంగతి తెలుస్తుంది. ఆ మార్చి నెల జీతం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది ప్రభుత్వోద్యోగులకే సగం వాయిదా పడింది. ఇక ప్రైవేటు బడి టీచరుకి, బట్టల షాపు సేల్స్‌మన్‌కి, ఆటో నడిపేవాడికి ఏం వస్తుంది? అందరూ ఖాతాలో రాయించుకున్నారు. ఆయన కాదనలేదు. కానీ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఎప్పుడూ వారం పది రోజుల అరువిచ్చే షావుకార్లు ఆ నెల్లో రొక్కం పెట్టమన్నారు. పైవాళ్లకు నగదు, కిందవాళ్లకు అరువు. మధ్యలో ఆయన భార్య గాజులు కుదువకు వెళ్లాయి. వీధి మొత్తానికి వడ్డీ లేని అప్పు ఇచ్చింది ఆయన. అది మనలో చాలామందికి తట్టలేదు. జీతాలొచ్చాక ముందు కట్టింది సెల్‌ఫోన్ వాయిదా, కేబుల్ బిల్లు. కిరాణా ఖాతా చివరికి మిగిలింది, ఎందుకంటే ఆయన గట్టిగా అడగడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఆదుకోవాలంటే కొనాలి. మరి కొనడానికి వెళ్తే జబ్బు అంటుకోదా? ఆ రోజుల్లో అందరినీ తొలిచిన ప్రశ్న ఇదే, భయం న్యాయమైనదే. దీనికి జవాబు చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక హోటల్లో దొరికింది. 2020 జనవరి 24, వాళ్ల కొత్త సంవత్సరం ముందురోజు. కిటికీలు లేని హాలు, ఏసీ నడుస్తోంది. పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలు భోంచేశాయి. అందులో వుహాన్ నుంచి వచ్చిన ఒకరికి జబ్బు ఉంది. తర్వాత ఆ మూడు కుటుంబాల్లో మొత్తం 10 మందికి వచ్చింది. బల్లల మధ్య మీటరు దూరం ఉంది. కానీ ఏసీ గాలి ఆ మూడు బల్లల మీదుగానే తిరుగుతోంది. అదే అంతస్తులో ఆ గాలి తగలని బల్లల దగ్గర కూర్చున్నవాళ్లకీ, వడ్డించినవాళ్లకీ రాలేదు. పరిశోధకులు బల్లల పటం గీసి మరీ చూపించారు.

దాన్నిబట్టి తెలిసింది ఏమిటంటే, ముప్పు మూసిన గదిలో, మాస్కు తీసేసి, గంటసేపు మాట్లాడుకుంటూ కూర్చోవడంలో ఉంది. ఆహారం తినడం వల్ల ఈ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. మనం పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాం, కూరగాయలు పసుపు నీళ్లలో నానబెట్టాం, పార్సిల్ కవరు గుమ్మం బయట ఎండలో పెట్టాం. ముప్పుకి అసలు చోటైన మూసిన గదిని మాత్రం ఆలస్యంగా పట్టించుకున్నాం. రోడ్డు పక్కన ఆరుబయట నిలబడిన బండి దగ్గర మాస్కుతో వెళ్లి, పార్సిల్ తీసుకుని, రెండు నిమిషాల్లో ఇంటికి వచ్చేస్తే ముప్పు చాలా తక్కువ. ఇంకా చిత్రమేమిటంటే, ఏసీ హాలు కట్టుకునే స్తోమత లేని బండ్లూ మెస్సులూ కర్రీ పాయింట్లే జబ్బు కాలంలో మనకు ఎక్కువ క్షేమమైన చోట్లు. వాటిలోనూ పన్నెండున్నరకి అందరూ ఎగబడే బదులు పదకొండున్నరకే వెళ్లి తెచ్చుకుంటే ఇటు మనకీ అటు గిన్నె దగ్గర నిలబడినవాళ్లకీ మేలు.

సాయం చేసే తొందరలో జబ్బు సంగతి మరిస్తే ఏమవుతుందో లండన్‌లో ఉండే మా అక్క కూతురు చెబుతుంటే విన్నాను. 2020 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం హోటళ్లను ఆదుకోవడానికి ఒక పథకం పెట్టింది. సోమ, మంగళ, బుధవారాల్లో హోటల్లో కూర్చుని తింటే బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్లు మించకుండా ప్రభుత్వమే భరిస్తుంది. పార్సిల్‌కి మాత్రం వర్తించదు. ఆ ఒక్క నెలలో 16 కోట్ల భోజనాలు పైగా ఈ లెక్కన అమ్ముడయ్యాయి. ఖర్చు 84.9 కోట్ల పౌండ్లు. తర్వాత వార్విక్ విశ్వవిద్యాలయంలోని ఆర్థికవేత్త థియెమో ఫెట్జర్ లెక్కలు తీస్తే, ఆ రోజుల్లో బయటపడిన కొత్త కేసుల గుంపుల్లో 8 నుంచి 17 శాతం దాకా ఈ పథకానికి ముడిపెట్టవచ్చని తేలింది. సెప్టెంబరు రాగానే రాయితీ పోయింది, జనమూ తగ్గారు. కూర్చుని తింటేనే రాయితీ అన్న ఆ ఒక్క షరతు తీసేసి పార్సిల్‌కి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. మన దగ్గర అంత డబ్బు ఎవరూ పెట్టలేదు. కానీ ఈ పాఠం మనకూ పనికొస్తుంది: హోటల్‌ను నిలబెట్టాలంటే హోటల్లో కూర్చోనక్కర్లేదు.

ఇంకో రకం సాయం ఢిల్లీలో చూశాం. 2020 అక్టోబరులో మాలవీయనగర్‌లో ఒక వృద్ధ దంపతుల చిన్న ధాబాలో అమ్మకాలు లేక ఆ పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకోవడం వీడియోగా దేశమంతా తిరిగింది. తెల్లారేసరికి ఆ వీధిలో బారులు. దేశం నలుమూలల నుంచి డబ్బు వచ్చిపడింది. డిసెంబరులో ఆయన పెద్ద హోటలు తెరిచాడు. ఫిబ్రవరికల్లా మూసేయాల్సి వచ్చింది. అద్దె, జీతాలు, మిగతా ఖర్చులు కలిపి నెలకి లక్ష దాకా అయితే అమ్మకం దాంట్లో సగం కూడా రాలేదు. మళ్లీ పాత ధాబాకే వచ్చాడు. కనికరించినవాళ్లది తప్పని నేననను, వాళ్ల మనసు మంచిది. కానీ ఫొటో దిగి వెళ్లిన వెయ్యిమందిలో మరుసటి నెల మళ్లీ అక్కడ పప్పన్నం తిన్నవాళ్లు ఎందరు? బ్యాంకులో అప్పు కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు మేం చూసేది ఒక రోజు అమ్మకం కాదు, ఏ వారం చూసినా ఆగకుండా వచ్చే అమ్మకం. చిన్న హోటల్‌కి ప్రాణం అదే.

ఫోన్‌లో యాప్ నొక్కి తెప్పించుకోవడం కూడా సాయమే కదా అంటారు. అవును, కొంతవరకు. తాళాలు పడిన రోజుల్లో స్విగ్గీ, జొమాటో లేకపోతే పూర్తిగా మూతపడేవి చాలా ఉన్నాయి. తెలంగాణలో 2020 ఏప్రిల్ 20 నుంచి వాటిని కూడా కొన్నాళ్లు ఆపేశారు. ఢిల్లీలో పిజ్జా తెచ్చిచ్చే కుర్రాడికి పాజిటివ్ రావడం అప్పట్లో పెద్ద భయం పుట్టించింది. యాప్ లెక్క కూడా చూద్దాం. 200 రూపాయల ఆర్డరు. కమీషన్ నూటికి పాతిక అనుకుంటే 50. దాని మీద 18 శాతం జీఎస్టీ 9. హోటల్‌కి చేరేది 141. మన ఇడ్లీ ఆవిడ లెక్కలో సరుకు, గ్యాసు, కవరు పోతే నూటికి 40 మిగులుతోంది. అంటే 200లో 80. అందులోంచి 59 యాప్‌కి పోతే 21 మిగిలింది. కూలి, అద్దె, వాయిదా దేంట్లోంచి కట్టాలి? 2021 జులైలో రెస్టారెంట్ల సంఘం ఈ కమీషన్ల మీదా, ఇతర పద్ధతుల మీదా కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2022 ఏప్రిల్‌లో కమిషన్ విచారణకు ఆదేశించింది. ఆ గొడవ పెద్దవాళ్లది. మనవైపు నుంచి చేయగలిగింది తేలిక. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కొట్టుకి నడిచే వెళ్లండి. లేదా వాళ్లకే ఫోన్ చేసి చెప్పండి, క్యూఆర్ కోడ్‌కి డబ్బు పంపండి. మీరిచ్చిన రూపాయి రూపాయిగానే చేరుతుంది. నడవలేనివాళ్లు, దూరంగా ఉన్నవాళ్లు యాప్ వాడుకుంటే నేను తప్పు పట్టను.

ప్రభుత్వాలు చేసిన వాటిలో పనికొచ్చినవీ ఉన్నాయి. 2020 జూన్ 1న మొదలైన పీఎం స్వనిధి కింద మొదట్లో వీధి వ్యాపారికి 10 వేల అప్పు ఇచ్చారు, ఏడాదిలో తీర్చేలా. సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ, తర్వాత 20 వేలు, ఆపైన 50 వేలు. యూపీఐలో అమ్మితే ఏడాదికి 1,200 దాకా క్యాష్‌బ్యాక్ ఉండేది. వెండింగ్ సర్టిఫికెట్ లేకపోతే మునిసిపాలిటీ సిఫారసు లేఖ చాలు. 2025 ఆగస్టులో దీన్ని 2030 మార్చి 31 దాకా పొడిగించి, మొదటి విడత 15 వేలకు, రెండో విడత 25 వేలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 25న జగనన్న తోడు మొదలై 10 వేలు వడ్డీ లేకుండా ఇచ్చారు. పదివేలు చిన్న మొత్తమే అనిపించవచ్చు. డైలీ ఫైనాన్స్ నోరు ఒకటి మూయడానికి అది సరిగ్గా సరిపోతుంది. రోజుకి వంద మిగిలితే, ఈ కొత్త అప్పు వాయిదా లెక్కలో కలపకముందు, ఇడ్లీ ఆవిడ 180 లోటు 80కి దిగుతుంది.

రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం విషయంలో మాత్రం చాలామంది దెబ్బతిన్నారు. 2020 మార్చి నుంచి ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా వాయిదాలు కట్టనక్కర్లేదన్నారు. మాఫీ అనుకున్నవాళ్లున్నారు. ఆ నెలల వడ్డీ పెరుగుతూనే ఉంది. 2 కోట్ల లోపు అప్పులకు చక్రవడ్డీ భాగాన్ని తర్వాత వెనక్కిచ్చారు గానీ మామూలు వడ్డీ కట్టాల్సిందే. మా వీధిలో జిరాక్స్ కొట్టబ్బాయికీ, టైలరుకీ ఇది కూర్చోబెట్టి చెప్పాను. కట్టగలిగినంత కట్టండి, లేనప్పుడు మాత్రమే వాడుకోండి అని. మీలో బ్యాంకు భాష తెలిసినవాళ్లు, దరఖాస్తు నింపడం వచ్చినవాళ్లు ఉంటే అలాంటి సాయం డబ్బు సాయం కంటే తక్కువేం కాదు. మొబైల్ నంబరు ఆధార్‌కి కలవలేదన్న ఒక్క కారణానికి స్వనిధి దరఖాస్తు ఆగిపోయిన వాళ్లను నేను ఎరుగుదును.

2021 మే నెల మరీ గడ్డుది. ఆంధ్రప్రదేశ్‌లో 5వ తేదీ నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. తెలంగాణలో 12వ తేదీ నుంచి లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకానే కొట్లు. ఇడ్లీ బండికి పొద్దుటి పూట ఒక్కటే దక్కింది. అప్పుడు మా అపార్ట్‌మెంటులోనూ, ఎదురు వరస ఇళ్లలోనూ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. డబ్బులు పోగుచేసి ఇద్దామని మొదట ఎవరో అన్నారు. ఆవిడనే అడిగితే వద్దంది.

“అక్కయ్యగారూ, రేపు ఎన్ని ప్లేట్లో ఇవాళ మధ్యాహ్నానికి చెప్పండి చాలు. పప్పు నానేశాక ఇంక నా చేతిలో ఏముంది చెప్పండి? వర్షమొచ్చినా పోలీసులొచ్చినా ఆ పిండి అమ్మాల్సిందే, లేకపోతే పారబొయ్యాల్సిందే.”

ఆ మాటతో మాకు దారి దొరికింది. మినప్పప్పు మధ్యాహ్నం నానేస్తారు, సాయంత్రం రుబ్బుతారు, రాత్రంతా పులుస్తుంది. పొద్దున పదింటికి అమ్ముడవని పిండి ఎండాకాలం బెజవాడలో సాయంత్రానికి నోట్లో పెట్టుకోలేం. ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి ఆవిడ దగ్గర ఫ్రిజ్ ఎక్కడిది? మధ్యాహ్నం ఒంటిగంట లోపు గ్రూపులో ఎవరికెన్ని ప్లేట్లో రాస్తే, దాన్నిబట్టి శేరో రెండు శేర్లో ఆవిడ నానేసింది. పారబోత ఆగింది. సరుకు ఖర్చు అంతకుముందుకంటే దిగింది. ఆదివారం నాడు వారానికి సరిపడా డబ్బు ముందే పంపేవాళ్లం. దాంతో పప్పు, నూనె ఒకేసారి కొని కిలోకి నాలుగైదు రూపాయలు మిగుల్చుకుంది. స్టీలు క్యారేజీలు మావే పంపితే కవర్ల ఖర్చు కూడా పోయింది. ఆవిడ భర్త ఆరున్నరకల్లా గేటు చువ్వలకి క్యారేజీలు వరసగా తగిలించి, గంట కొట్టి వెళ్లిపోయేవాడు.

ఆ నెలలోనే మా పై వాటాలో తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురికీ పాజిటివ్ వచ్చింది. చుట్టాలు రాలేని పరిస్థితి. పొద్దున ఇడ్లీ ఎలాగూ వస్తోంది. రెండో రోజు నుంచి మధ్యాహ్నానికి మిరియాల చారు, మెత్తటి అన్నం కూడా ఇంకో క్యారేజీలో రావడం మొదలైంది. చెప్పింది ఎవరూ లేరు. ఆ ఇంటి నుంచి క్యారేజీ కడిగి పంపొద్దని, గుమ్మం బయట పెడితే తానే మరిగే నీళ్లలో వేసి తోముకుంటానని ఆవిడే కబురు పంపింది. డబ్బు ఎంత అని అడిగితే కోలుకున్నాక చూసుకుందాం అంది. కోలుకున్నాక వాళ్లు లెక్క కట్టి మరీ ఇచ్చారు. ఆ వారాల్లో ఊరూరా ఇలాంటి మెస్సులు, ఇంట్లో వండి అమ్మే ఆడవాళ్లు ఎన్ని జ్వరాల ఇళ్లకు అన్నం పెట్టారో ఏ రికార్డులోనూ ఉండదు. యాప్‌కి తెలియని మిరియాల చారు వాళ్లకు తెలుసు. ఏ ఇంట్లో ఎవరు ఉప్పు తక్కువ తింటారో కూడా తెలుసు. ఇలాంటి బండి ఒకటి మూతపడితే వీధికి పోయేది ఇడ్లీ ఒక్కటే అనుకోకండి.

ఆపద కరోనా రూపంలోనే రావాలని లేదు. 2024 సెప్టెంబరులో మా విజయవాడలోనే బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కిరాణా కొట్ల బియ్యం బస్తాలన్నీ నీళ్లలో నానిపోయాయి. నీళ్లు తీశాక మా గ్రూపువాళ్లే కొందరు అక్కడి తెలిసిన కొట్లకు నెల సరుకు డబ్బు ముందుగా ఇచ్చి, కొత్త స్టాకు దిగాక సామాను తెచ్చుకున్నారు. పద్ధతి అదే. ముందుగా చెప్పడం, ముందుగా ఇవ్వడం, ఆగకుండా కొనడం.

మా ఇడ్లీ బండి ఇప్పటికీ ఉంది. కుర్రాడు మారాడు. ఒక డైలీ ఫైనాన్స్ తీరిపోయింది, ఒకటి ఉంది. ప్లేటు 40 అయింది. మీ వీధిలోనూ ఇలాంటి బండో, మెస్సో, కర్రీ పాయింటో తప్పక ఉంటుంది. వాళ్ల ఫోన్ నంబరు మీ దగ్గర లేకపోతే రేపు వెళ్లినప్పుడు అడిగి రాసుకోండి. కిరాణా ఖాతాలో పాత బాకీ ఏదైనా ఉంటే, ఆయన అడిగేదాకా ఆగకుండా ఈ నెల జీతంలోంచే ముందు అది తీర్చేయండి.